తొమ్మిది పిన్నుల తీగ, ఒక చిన్న పెట్టె

(రేడియో ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల చరిత్ర అనగానే పెద్ద పెద్ద పేర్లే వినపడతాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఎవరూ పట్టించుకోని ఒక చిన్న పెట్టె గురించి. సిగరెట్ పెట్టెంత ఉంటుంది. ఒక పక్క తొమ్మిది పిన్నుల సీరియల్ సాకెట్, రెండో పక్క మామూలు నెట్‌వర్క్ కేబుల్ పట్టే ఈథర్‌నెట్ సాకెట్, పైన మిణుకుమనే రెండు దీపాలు. అంతే. దీన్ని సీరియల్ డివైస్ సర్వర్ అంటారు. మనవాళ్లలో గ్యాస్ స్టేషన్లు నడిపేవాళ్లు, హాస్పిటల్ ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు దీన్ని చూసే ఉంటారు. పేరు తెలియకపోవచ్చు. భూమిలో పాతిన ట్యాంకులో పెట్రోలు ఎంత మిగిలిందో చెప్పే గేజీ, రక్తం పరీక్షించే యంత్రం, తూకం యంత్రం, ఇలాంటివి పాతికేళ్ల కిందట కొన్నవైనా ఇవాళ్టి నెట్‌వర్క్‌లో మాట్లాడగలుగుతున్నాయంటే చాలాచోట్ల మధ్యలో ఈ పెట్టె ఉంది.

కంపెనీవారి కాలంలో దొరలకీ మనవాళ్లకీ మధ్య దుబాసీలు ఉండేవారు కదా. ఈ పెట్టె కూడా దుబాసీయే. దుబాసీ మాటలని అటూ ఇటూ చేరవేస్తాడు. కానీ మాట్లాడే మనిషి ఎక్కడ ఆగాడు, ఎప్పుడు లేచి వెళ్లిపోయాడు, అసలు అవతల కూర్చున్నది ఎవరు అన్న సంగతులు మాటల్లో ఉండవు. పాత సీరియల్ తీగ ఆ సంగతులని మాటల్లేకుండానే మోసేది. నెట్‌వర్క్‌కి మాటలు మాత్రమే తెలుసు. ఈ తేడా వల్ల ఎక్కడెక్కడ ఏం జరిగిందన్నదే ఇవాళ్టి కథ.

కథ తంతి ఆఫీసులో మొదలవుతుంది. మన పెద్దవాళ్లకి టెలిగ్రాం వచ్చిందంటే ముందు ఏడుపు, తర్వాత చదవడం. ఇండియాలో ఆ సర్వీసు 2013 జులైలో ఆగిపోయింది. అందులో వాడిన టెలిప్రింటర్ యంత్రాలకి ఒక చక్కని అలవాటు ఉంది. పనేమీ లేనప్పుడు కూడా తీగలో కరెంటు పారుతూనే ఉంటుంది. అక్షరం మొదలవుతోందని చెప్పడానికి ఆ కరెంటుని ఒక్క క్షణం ఆపుతారు. దాని వెనక అక్షరం తాలూకు బిట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చివర మళ్లీ కరెంటు. దారిలో ఎక్కడైనా తీగ తెగిందనుకోండి, యంత్రం ఊరికే టకటకా కొట్టుకోవడం మొదలెడుతుంది. ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. ఇవాళ్టికీ సీరియల్ పోర్టులో అక్షరానికి ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒక స్టాప్ బిట్ ఉండటానికి మూలం అదే. వేగాన్ని కొలిచే బాడ్ అనే మాట ఎమీల్ బోదో అనే ఫ్రెంచి తంతి ఇంజనీరు పేరు నుంచి వచ్చింది.

1960లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ ఆర్.ఎస్.-232 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. టెలిప్రింటర్‌ని టెలిఫోన్ మోడెముకి ఎలా కలపాలన్నదే దాని ఉద్దేశం. తూకం యంత్రాలూ పెట్రోలు గేజీలూ దాని ఊహలోనే లేవు. 1969లో వచ్చిన మూడో సవరణ, అంటే ఆర్.ఎస్.-232-సి, స్థిరపడిపోయింది. కేబుల్ పొడుగు యాభై అడుగులు దాటకుండా చూసుకోమని అందులో సలహా ఇచ్చారు. ఈ యాభై అడుగుల మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు సీరియల్ పోర్టుకి పాతిక పిన్నులు ఉండేవి. 1984లో పీసీ ఏటీతో అవి తొమ్మిది అయ్యాయి.

ఆ పిన్నుల్లో డేటా మోసేవి రెండే. మిగతావాటిలో చాలామటుకు మర్యాదల కోసం. నేను సిద్ధం అని చెప్పడానికి ఒకటి, నువ్వు పంపొచ్చు అని చెప్పడానికి ఒకటి, అవతల ఫోను లైను పలుకుతోందని చెప్పడానికి ఒకటి. ఈ చివరిదాన్ని క్యారియర్ డిటెక్ట్ అంటారు. ఫోను తెగిందా, ఆ పిన్ను మీద సంకేతం పడిపోతుంది. యునిక్స్ కంప్యూటర్లు అది చూసి, అవతలివాడు వెళ్లిపోయాడు కాబోలనుకుని అతని లాగిన్‌ని మూసేసేవి. ఆ సంకేతానికి యునిక్స్‌లో ఇవాళ్టికీ హ్యాంగప్ అనే పేరు. పరిచయమైన కమాండ్ కిటికీకి టీటీవై అని పేరుండటం కూడా టెలిటైప్ చలవే. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకి పది అక్షరాలు కొట్టేది. యంత్రం పోయింది, పేరు మిగిలింది.

యాభై అడుగుల హద్దు దాటడం ఎలా అన్నది తర్వాతి ప్రశ్న. 1971లో బీబీఎన్ అనే కంపెనీ అర్పానెట్ కోసం టిప్ అనే యంత్రాన్ని తయారుచేసింది. అర్పానెట్ అంటే ఇంటర్నెట్‌కి పూర్వీకురాలు. అప్పటిదాకా ఆ నెట్‌వర్క్‌లో చేరాలంటే మీ దగ్గర పెద్ద కంప్యూటర్ ఉండాలి. టిప్ వచ్చాక 63 దాకా టెర్మినళ్లని నేరుగా దానికి తగిలించి దూరదేశపు కంప్యూటర్లతో మాట్లాడొచ్చు. నా లెక్కలో మన చిన్న పెట్టెకి ముత్తాత అదే. సైజు మాత్రం బీరువా అంత.

ఈలోగా 1973 మే నెలలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఆలోచనని కాగితం మీద పెట్టాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి కట్టిన మొదటి నెట్‌వర్క్ వేగం సెకనుకి 2.94 మెగాబిట్లు. 1980లో డిజిటల్, ఇంటెల్, జెరాక్స్ కలిసి పది మెగాబిట్ల ప్రమాణాన్ని తెచ్చాయి.

ఇక్కడ ఒక పిట్టకథ. 1980ల మొదట్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఒక కోక్ మెషీన్ ఉండేది. అంతదూరం మెట్లు దిగి వెళితే ఖాళీగా ఉండటమో, అప్పుడే నింపిన వెచ్చటి సీసా చేతికి రావడమో జరిగేది. దాంతో విద్యార్థులు ఆ మెషీన్ మీది దీపాలు ఎప్పుడు వెలుగుతున్నాయో చూసే చిన్న బోర్డు ఒకటి అమర్చి, దాని తీగని విభాగం నెట్‌వర్క్‌కి కలిపారు. ఏ వరుసలో సీసాలున్నాయి, అవి చల్లబడ్డాయా లేదా అన్నది కుర్చీలోంచి కదలకుండా కంప్యూటర్‌ని అడిగి తెలుసుకునేవారు. అర్పానెట్‌లో ఉన్న ఎవరైనా అడగొచ్చు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు అప్పటికే ఆ విభాగంలో ప్రొఫెసర్. 1969 నుంచీ అక్కడే ఉన్నారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కోక్ మెషీన్‌తో ఆయనకి సంబంధం లేదు లెండి, ఆ వాతావరణం ఎలాంటిదో చెప్పడానికి అన్నాను. నెట్‌వర్క్‌లో ఎవరైనా అడగొచ్చు అన్న మాట మాత్రం గమనించండి. సోడా సీసాల విషయంలో అది సరదా.

1980ల మధ్యలో డిజిటల్ కంపెనీ డెక్‌సర్వర్ అనే పెట్టెలు అమ్మడం మొదలుపెట్టింది. ఎనిమిది టెర్మినళ్లు ఒక పక్క, ఈథర్‌నెట్ ఇంకో పక్క. ఇక్కడే ఇంజనీర్లకి మొదటి చిక్కు ఎదురైంది. సీరియల్ తీగలో మీరు ఒక అక్షరం కొడితే ఆ ఒక్క అక్షరమే వెళుతుంది. ఈథర్‌నెట్‌లో అతి చిన్న మూట కూడా 64 బైట్లు ఉండాలి. ఇంటర్నెట్ పద్ధతిలో అయితే ఒక్క అక్షరానికి చిరునామా వగైరా 40 బైట్లు. నిమ్మకాయ ఒక్కటి పంపడానికి లారీ కట్టినట్టు. 1984లో ఫోర్డ్ ఏరోస్పేస్‌లో పనిచేస్తున్న జాన్ నేగెల్ ఈ లెక్క వేసి, నాలుగు వేల శాతం అదనపు బరువు అని రాశాడు. ఆయన చెప్పిన ఉపాయం ఏమిటంటే, ముందు పంపిన మూట అందిందని కబురు వచ్చేదాకా తర్వాతి అక్షరాలని పోగేసి ఒకేసారి పంపమని. డిజిటల్ వారిది ఇంకో దారి. సెకనులో దాదాపు పన్నెండో వంతు, అంటే 80 మిల్లీసెకన్లు ఆగి, ఒకే కంప్యూటర్‌కి వెళ్లే నలుగురైదుగురి అక్షరాలనీ ఒక మూటలో కట్టి పంపేవారు.

రెండూ తెలివైనవే. మనిషి టైపు చేస్తున్నంతసేపూ ఎవరికీ తేడా తెలియలేదు. కానీ రెండింటిలోనూ జరిగింది ఒకటే. అక్షరాలు భద్రంగా చేరాయి, వాటి మధ్య కాలం మాత్రం చెదిరిపోయింది.

అదే కాలంలో మన దగ్గర రైల్వే రిజర్వేషన్ కౌంటర్లకి కంప్యూటర్లు వచ్చాయి. 1980ల మధ్యలో సీఎంసీ సంస్థ రాసిన ఇంప్రెస్ అనే ప్రోగ్రాంతో ఢిల్లీలో మొదలైంది. 1994లో సికింద్రాబాద్‌లో కాన్సర్ట్ అనే కొత్త ప్రోగ్రాం పెట్టారు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి, 1999 నాటికి ఎక్కడి నుంచి ఎక్కడికైనా టికెట్ ఇవ్వడానికి వీలు కల్పించింది అదే. ఆ కౌంటర్ల మీద ఉన్నవి సొంత బుర్ర లేని టెర్మినళ్లు. గుమాస్తా కొట్టిన ప్రతి అక్షరం ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌కి వెళ్లి రావాల్సిందే. సికింద్రాబాద్ క్యూలో నిలబడి, ఆ తెర మీద అక్షరాలు నెమ్మదిగా పొడసూపుతుంటే మనకి బెర్తు దొరుకుతుందో లేదోనని మెడ చాచి చూసినవాళ్లు ఈ కార్యక్రమం వింటున్నవాళ్లలో చాలామందే ఉంటారు.

ఇక మనుషుల సంగతి వదిలి యంత్రాల దగ్గరికి వద్దాం. అసలు ఇబ్బంది అక్కడుంది.

1979లో మోడికాన్ కంపెనీ ఫ్యాక్టరీ యంత్రాల కోసం మోడ్‌బస్ అనే భాష తయారుచేసింది. పంపు నడుస్తోందా, వాల్వు తెరుచుకుందా, ఉష్ణోగ్రత ఎంత అన్న ప్రశ్నలూ జవాబులూ అన్నమాట. కరెంటు, నీళ్లు, నూనె, సిమెంటు, ఏ పరిశ్రమకెళ్లినా ఇవాళ్టికీ వినపడుతుంది. అందులో ఒక రకంలో వాక్యం ముగిసిందని చెప్పడానికి ఫుల్‌స్టాపు లేదు. మూడున్నర అక్షరాలకి పట్టేంత సేపు తీగ మౌనంగా ఉంటే వాక్యం అయిపోయినట్టు. 9600 బాడ్ వేగంలో అది సుమారు నాలుగు మిల్లీసెకన్లు. చాలా పొదుపైన పద్ధతి. ఒక తీగ, ఒక గది ఉన్నంతకాలం ఏ లోటూ లేదు.

ఇప్పుడు మధ్యలో దుబాసీని పెట్టండి. అతను వాక్యం సగం విని ఒక మూట కట్టి పంపుతాడు, మిగతా సగం ఇంకో మూటలో. రెండు మూటల మధ్య దారిలో ఇరవై మిల్లీసెకన్లు ఆలస్యం. అవతలి యంత్రానికి అది మౌనంగానే వినిపిస్తుంది. వాక్యం అయిపోయిందనుకుంటుంది. సగం వాక్యానికి అర్థం లేదు కనక పారేస్తుంది. చూసేవాళ్లకి మాత్రం ఒక రోజు పనిచేసి ఒక రోజు మొరాయించే దయ్యం. అన్ని అక్షరాలూ సరిగ్గానే వస్తున్నాయి కదా అని తల పట్టుకున్న ఇంజనీర్లు ఎందరో. అందుకే మంచి డివైస్ సర్వర్లలో ఇన్ని మిల్లీసెకన్ల మౌనం వినపడేదాకా మూట కట్టకు అని చెప్పే సెట్టింగు ఒకటి పెట్టారు. చూడటానికి చిన్న గడి. దాని వెనక ఇంత కథ ఉంది. 1999లో మోడ్‌బస్‌ని నేరుగా ఇంటర్నెట్ పద్ధతిలో తిరగరాసినప్పుడు మౌనాన్ని తీసేసి, వాక్యంలో ఎన్ని బైట్లు ఉన్నాయో మొదట్లోనే అంకె వేశారు.

మర్యాద పిన్నుల సంగతి కూడా ఇలాగే. వేగం మార్చు, ఫలానా పిన్ను ఎత్తు, ఫలానా పిన్ను పడిపోయింది అన్న కబుర్లని నెట్‌వర్క్ మీద ఎలా చెప్పాలో 1997 అక్టోబరులో ఆర్.ఎఫ్.సి. 2217 అనే పత్రంలో రాశారు. బాగా రాశారు. కాకపోతే చాలామంది ఆ పిన్నుల్ని కలపనే కలపరు. మూడు తీగలు చాలు, పని జరుగుతోంది కదా అంటారు. దీని ఫలితం కాసేపట్లో చూద్దాం.

1998లో యాపిల్ వారి ఐమాక్ పాత సీరియల్ పోర్టులు లేకుండా వచ్చింది. 2000ల్లో ల్యాప్‌టాప్‌ల నుంచి కూడా అది మాయమైంది. పీసీ మారింది కానీ పదిహేను లక్షల రూపాయల రక్తపరీక్ష యంత్రాన్ని ఎవరు మారుస్తారు? యంత్రం వయసు ముప్పై ఏళ్లు, కంప్యూటర్ వయసు నాలుగేళ్లు. ఆ వయసుల తేడాలోనే లాంట్రానిక్స్, డిజి, మోక్సా లాంటి కంపెనీల వ్యాపారం పెరిగింది. 2003లో లాంట్రానిక్స్ ఎక్స్‌పోర్ట్ అనే దాన్ని తెచ్చింది. మొత్తం డివైస్ సర్వర్ ఒక నెట్‌వర్క్ సాకెట్ లోపలే ఇమిడిపోయింది. బీరువా అంత టిప్ ముప్పై రెండేళ్లలో బొటనవేలంత అయింది.

ఇప్పుడు యాభై అడుగుల దగ్గరికి వస్తాను. సీరియల్ పోర్టుకి పాస్‌వర్డ్ అక్కర్లేదని ఎవరూ నిర్ణయించలేదు. ఆ ప్రశ్నే పుట్టలేదు. తీగ రెండో కొసని పట్టుకున్నవాడు అదే గదిలో ఉంటాడు. గదికి తాళం ఉంది, బయట వాచ్‌మన్ ఉన్నాడు. అదే పాస్‌వర్డ్. దుబాసీ పెట్టె వచ్చి ఆ తీగని ఊరు దాటించింది, తాళాన్ని మాత్రం అక్కడే వదిలేసింది.

2013లో రాపిడ్7 అనే సంస్థలో హెచ్.డి. మూర్ అనే పరిశోధకుడు ఇంటర్నెట్‌లో ఇలాంటి పెట్టెలు ఎన్ని కనిపిస్తున్నాయో వెతికాడు. లక్షా పద్నాలుగు వేల పైచిలుకు చిరునామాలు దొరికాయి. అందులో పదమూడు వేలకి పైగా పోర్టుల వెనక ఏ పాస్‌వర్డూ అడగకుండా నేరుగా యంత్రం లోపలికి దారి ఉంది. కొన్నిచోట్ల యంత్రం నిజానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవరో ఉద్యోగి దూరం నుంచి లాగిన్ అయ్యి, పని చూసుకుని, కిటికీ మూసేసి వెళ్లిపోయాడు. అతను వెళ్లాడని పాత రోజుల్లో అయితే క్యారియర్ డిటెక్ట్ పిన్ను చెప్పేది. మూడు తీగలే కలిపినచోట ఎవరు చెబుతారు? లాగిన్ తెరిచే ఉంది. తర్వాత వచ్చినవాడు అదే కుర్చీలో కూర్చున్నాడు. హ్యాంగప్ అనే పాత మర్యాద దాటకపోవడం వల్ల వచ్చిన కంత ఇది.

2015 జనవరిలో అదే సంస్థ పెట్రోలు ట్యాంకు గేజీల కోసం వెతికింది. దాదాపు 5,800 గేజీలు పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌లో కనిపించాయి. వాటిలో 5,300కి పైగా అమెరికాలోనే, అంటే దేశంలోని గ్యాస్ స్టేషన్లలో సుమారు మూడు శాతం. చాలామటుకు 10001 నంబరు పోర్టులో, సీరియల్ భాషలోనే జవాబిచ్చేవి. గేజీతో మాట్లాడగలిగినవాడు ట్యాంకు కొలతలు మార్చగలడు, లీకు ఉందని అబద్ధపు అలారం మోగించగలడు, పంపులు ఆపించగలడు. కోక్ మెషీన్ దగ్గర సరదా అయిన సంగతి ఇక్కడ ఒక కుటుంబం జీవనాధారం.

ఆ ఏడాది చివర్లో, 2015 డిసెంబరు 23న, ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ కంపెనీల మీద దాడి జరిగింది. నెలల ముందే ఈమెయిలు ఉత్తరాలతో లోపలికి చొరబడ్డవాళ్లు ఆ మధ్యాహ్నం కంట్రోల్ రూము కంప్యూటర్లని చేతిలోకి తీసుకుని సబ్‌స్టేషన్ల బ్రేకర్లని ఒక్కొక్కటే తెరిచేశారు. ఆపరేటర్లు చూస్తుండగానే. రెండు లక్షల పాతిక వేల ఇళ్లకీ వ్యాపారాలకీ కరెంటు పోయింది. చలికాలం.

బ్రేకర్లు తెరవడం కన్నా నాకు ముఖ్యంగా తోచేది వాళ్లు ఆ తర్వాత చేసిన పని. సబ్‌స్టేషన్లలో సీరియల్ నుంచి ఈథర్‌నెట్‌కి మార్చే పెట్టెలున్నాయి కదా, వాటి లోపలి ఫర్మ్‌వేర్‌ని, అంటే ఆ పెట్టెని నడిపించే ప్రోగ్రాంని, చెరిపి చెత్త రాసేశారు. కొత్త ప్రోగ్రాం ఎవరు పంపుతున్నారని ఆ పెట్టెలు అడగలేదు. వాటిని అడగమని ఎవరూ నేర్పలేదు. దాంతో కంట్రోల్ రూము కంప్యూటర్లు బాగుపడ్డా లాభం లేదు. బ్రేకర్ బాగానే ఉంది, ఆపరేటర్ సిద్ధంగానే ఉన్నాడు, మధ్యలో దుబాసీ మూగవాడయ్యాడు. మళ్లీ మాట్లాడించే దారి లేదు, పెట్టెని మార్చాల్సిందే.

కరెంటు మాత్రం ఆరు గంటల్లోపు తిరిగొచ్చింది. ఎందుకంటే అక్కడి సిబ్బంది బళ్లెక్కి సబ్‌స్టేషన్లకి వెళ్లి బ్రేకర్లని చేత్తో మూశారు. ఆ పాత స్విచ్చిగేర్‌కి చేత్తో నడిపే వీలుంది, దాన్ని నడపడం తెలిసిన మనుషులూ ఉన్నారు. అన్నీ మార్చి కొత్తవి పెట్టుకున్న దేశాల్లో ఈ పని ఇంత తొందరగా జరిగేది కాదని అప్పట్లో చాలామంది నిపుణులు అన్నారు. పదహారు సబ్‌స్టేషన్లలో ఆ పెట్టెలు పాడయ్యాయి. రెండు నెలలు దాటాక కూడా అక్కడి బ్రేకర్లని మనుషులే వెళ్లి నడపాల్సి వచ్చింది.

ఆ తర్వాత మార్పులు రాలేదని కాదు. ఇప్పుడొచ్చే పెట్టెల్లో రహస్య సంకేతాలతో మాట్లాడేవి, సంతకం లేని ఫర్మ్‌వేర్‌ని తిప్పికొట్టేవి ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం నెట్‌వర్క్‌కి తగిలించే వస్తువులన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం కుదరదు. అయితే చట్టం కొత్తవాటికి. గోడకి మేకు కొట్టి తగిలించి, ఎవరు పెట్టారో కూడా మరిచిపోయిన పాతవాటిని ఏ చట్టం వెతుకుతుంది?

వినేవాళ్లలో గ్యాస్ స్టేషన్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఈసారి ట్యాంకు గేజీ చూసే టెక్నీషియన్ వచ్చినప్పుడు దాని నెట్‌వర్క్ తీగ ఎక్కడికి పోతోందో చూపించమనండి. అది నేరుగా ఇంటర్నెట్ రౌటర్‌కి పోతుంటే, బయటి నుంచి 10001 పోర్టు తెరిచి ఉందా అని అడగండి. తెరిచి ఉందంటే వీపీఎన్ వెనక పెట్టమనండి, లేదా ఫలానా చిరునామా నుంచి వచ్చేవాళ్లకే జవాబివ్వమని రౌటర్‌లో రాయమనండి. గేజీకి సీరియల్ పోర్టు పాస్‌వర్డ్ పెట్టే వీలుంటే అదీ పెట్టించండి, అందులో కొన్ని మోడళ్లకి ఆ స్విచ్చి పెట్టె లోపలి బోర్డు మీద ఉంటుంది, మూత విప్పితే గానీ కనపడదు.